ఏడు ఉత్తరాల్లో ఉప్పు లేదు

తిరువూరు,
3 ఏప్రిల్ 1976

నీ మార్సేల్స్ చేపల పులుసు నా పని ఊడగొట్టింది.

బాగున్నావా, ఒంట్లో ఎలా ఉంది అని ఈసారి అడగను. ముందు జరిగింది విను.

మొన్న శుక్రవారం విస్సన్నపేట మామిడి వ్యాపారులు ఎనిమిది మంది హనుమయ్యగారి మిలిటరీ హోటలుకి భోజనానికొచ్చారు. పొద్దున్నే ఆయన నన్ను పిలిచి, "ఒరే నాగూరూ, వీళ్లు నాలుగూళ్లు తిరిగి తిన్నోళ్లురా. రోజూ చేసేది కాకుండా కొత్తదేమన్నా చెయ్యి" అన్నాడు. నా చొక్కా జేబులో నీ ఉత్తరం ఉంది. అందులో నువ్వు రాసిన మాటలు ఇవి, మర్చిపోయి ఉంటావని తిరిగి రాస్తున్నా:

"పాత రేవు పక్కన, చేపలమ్మే ఆడవాళ్ల బల్లలు దాటాక ఒక హోటలు. పెద్ద గిన్నెలో పులుసు, సాయంకాలం ఎండలాంటి రంగు. కుంకుమపువ్వంట. సోంపు వాసన, కమలాతొక్క వాసన. ముందు పులుసు ఒక్కటే తెస్తారు. దాంట్లో కాల్చిన రొట్టెముక్క పడవలాగా తేలుతుంటుంది. చేపలు తర్వాత వేరే పళ్లెంలో వస్తాయి, వరసగా పడుకోబెట్టి, నిద్రపోతున్నట్టు. పక్క బల్ల దగ్గర ముసలాళ్లు సోంపు సారా తాగుతున్నారు. నీళ్లు పోయగానే పాలలాగా తెల్లబడుతుంది. గ్లాసులో మబ్బు పట్టినట్టు."

అది చదివిన రోజు నేను పొయ్యి దగ్గర నిలబడే ఆ ఊరు వెళ్లొచ్చా. పొగలో గాజు తలుపులు కనిపించాయి. అందుకే నమ్మా. కుంకుమపువ్వు మనకెక్కడిది, పసుపేశా. సోంపు గుప్పెడేశా. కమలాతొక్క ఎండబెట్టి దంచా. పులుపు సంగతి నువ్వు రాయలేదు. పులుపు లేని చేపలకూర నేను పుట్టాక చూడలేదు గనక చింతపండు పిసికా. మంచి చెరువు బొచ్చెలు, పాడైపోయాయి.

మొదటి ముద్దకే ఒకాయన, "హనుమయ్యా, ఇది గొడ్డుకి పట్టే కషాయమా?" అన్నాడు. రెండో ఆయన, "కాదులే, బాలింత పథ్యం. మనలో ఎవరికి కాన్పయిందో చెప్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. హనుమయ్యగారు కూడా నవ్వాడు. వాళ్లు వెళ్లాక నవ్వలేదు. పన్నెండేళ్లప్పటి నుంచి నడుముకి కట్టిన నా వంటగుడ్డ విప్పించి చేతిలో పెట్టాడు.

నిన్న పగలంతా పని లేదు కదా. నీ ఏడు ఉత్తరాలూ మంచం మీద పరిచి, పెన్సిలు పట్టుకుని చదివా. నేను నాలుగో తరగతితో బడి మానేసి, బజ్జీలు కట్టే కాగితాలు చదివి అక్షరం గట్టి చేసుకున్నవాణ్ని. పట్టుకున్నానంటే వదలను. రంగు ఉన్నచోట గీత గీశా. వాసన ఉన్నచోట గీశా. చప్పుడు ఉన్నచోట గీశా. కాగితాలు నల్లబడిపోయాయి. పిరేయస్‌లో ఎనిమిది కాళ్ల జంతువుని తాడు మీద బట్టలారేసినట్టు ఆరేశారని రాశావు. నేపుల్స్‌లో కాఫీని నిలబడి ఒక్క గుక్కలో తాగి, పరుగెత్తే రైలెక్కేవాళ్లలాగా పోతారని రాశావు. అన్నీ ఉన్నాయి. ఉప్పు లేదు. పులుపు లేదు, కారం లేదు, చేదు లేదు. ఏడు ఉత్తరాల్లో ఒక్కచోట లేదు.

ఓడలో వంటపనికని నువ్వు బస్సెక్కే రోజు మన మాట ఏంటి? నువ్వు ప్రతి రేవులో తిని రాయాలి. నేను ఇక్కడ వండి చూడాలి. నువ్వొచ్చాక బస్టాండు పక్కన మన హోటలు, పేరు 'రేవు'. నేను సముద్రం చూడలేదు మదార్. సాయంత్రం గంపలగూడెం బస్సు ఎర్రదుమ్ములో ఊగుతూ వచ్చి ఆగితే, అదే ఓడ అనుకుంటా. దిగేవాళ్లంతా ఆకలితో ఉన్న నావికులు అనుకుంటా. ఆ కల సగం నీది.

ఆ పులుసులో పులుపు దేనిది, ఉప్పు ఎంత? రాయి.

నాగూర్

*

జెనోవా రేవు,
27 ఏప్రిల్ 1976

తమ్ముడు నాగూర్‌కి మదార్ రాసేది.

నీ ఉత్తరం ఓడల ఏజెంటు ఆఫీసులో పది రోజులు నా కోసం కూర్చుని ఉంది. పని పోయిందని చదివి ఆ పూట ఉల్లిపాయలు తరగలేకపోయా. మా పెద్ద వంటాయన సుందరరాజుగారు, భీమిలి ఆయన, "ఏంట్రా, ఉల్లిపాయకి ముందే ఏడుస్తున్నావ్?" అన్నాడు. తప్పు నాదే. కానీ రుచి కాగితం మీదికి ఎలా ఎక్కుతుందిరా? చెబితే తెలిసేదా అది?

కోపం తగ్గించుకో. జెనోవా సంగతి చెబుతా. ఈ ఊరు కొండకి తగిలించిన గూళ్లలాగా ఉంటుంది. రేవు నుంచి పైకి సందులు. మన దర్గా పక్క సందుకన్నా ఇరుకు. మధ్యాహ్నం కూడా చీకటే. కిటికీ నుంచి కిటికీకి దుప్పట్లు ఆరేసి ఉంటాయి, గాలికి తెరచాపల్లాగా ఉబ్బుతాయి. అలాంటి సందులో, తెల్లపలకలు అంటించిన గోడలు, లోపల కట్టెలపొయ్యి. పొయ్యి నోరంతా నిప్పు. దాంట్లోకి బండిచక్రమంత రాగి పళ్లెం తోస్తారు. ఏం పోశారో తెలుసా? శనగపిండి! నీళ్లలో కలిపి, నూనె వేసి, పల్చగా. అట్టు అవుతుంది. అంచులు నల్లబడతాయి, నడుమ బంగారం. కత్తితో చప్పుడు చేస్తూ కోసి కాగితంలో పెట్టిస్తారు. రేవు కూలీలు దాన్ని చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చుని తింటారు. కాగితం మీద నూనె పాకి, దాంట్లోంచి ఎండ కనిపిస్తుంది.

నేను గుమ్మం పక్క బెంచీ మీద గంటసేపు కూర్చున్నా. ఎవరూ లేవమనలేదు. ఒకావిడ పచ్చటి ఆకులు రాతి రోట్లో నూరుతోంది. ఆ వాసనకి అమ్మ పుదీనా నూరే రోజులు గుర్తొచ్చి, నేను ఏ ఊళ్లో ఉన్నానో కాసేపు తెలియలేదు.

శనగపిండి మనకి తెలిసిందేగా. చేసి చూడు. అమ్మకి ఒంట్లో ఎలా ఉంది? పరుపులు కుడుతోందా? కళ్లు కనిపిస్తున్నాయా? నేను బాగా తింటున్నానని చెప్పు.

మదార్

*

తిరువూరు,
19 మే 1976

శనగపిండి అట్టు నాలుగుసార్లు చేశా. నాలుగుసార్లూ నువ్వు గుర్తొచ్చావు, మంచిగా కాదు.

ఇప్పుడు నేను మామిడికాయలు లారీలకు ఎత్తుతున్నా. గడ్డి పరిచి, కాయలు వరసపెట్టి, మళ్లీ గడ్డి. భుజం కాయ కాచింది. మధ్యాహ్నం ఆ గడ్డిలోనే పడుకుంటా. మామిడి సొన వాసనకి కళ్లు మూతపడితే లారీ కదిలినట్టుంటుంది. కింద నీళ్లున్నట్టుంటుంది. ఎవరో రాగి పళ్లెం ఎత్తుకుని సందులో పోతుంటారు. లేచేసరికి మేస్త్రీ, "ఏం దొరా, పట్నం నుంచి దిగావా?" అంటాడు. రేవు నుంచి దిగానని వాడికెలా చెప్పను.

సరే, అసలు సంగతి. బస్టాండు పక్కన ఏడుకొండలుగారి రేకుల షెడ్డు ఖాళీ అయింది. ఆయన్ని అడిగా. "నీకొక్కడికి ఇవ్వనురా. నువ్వు వండుతావ్, మనుషులతో పోట్లాడతావ్. మీ మదార్ ఉంటే ఇస్తా. వాడొస్తాడని వాడిచేత రాయించు. ఆగస్టు పదిహేను దాకా చూస్తా. తర్వాత సైకిలు షాపు వాడు అడుగుతున్నాడు" అన్నాడు. విన్నావా? నా కోపం పేరు ఊరంతా పాకింది. దానికీ నువ్వే కావాలి.

ఇప్పుడు నేనడిగేదానికి జవాబు చెప్పు. ఆ అట్టు లోపల ఎలా ఉంది? మెత్తగా జావలా ఉందా, పొడిగా ఉందా? నాలుక్కి అంటుకుందా? నువ్వు రాసింది ఏంటి? అంచు నల్లబడింది. అది కళ్లతో చూసేది. కత్తి చప్పుడు. అది చెవితో వినేది. కాగితంలోంచి ఎండ కనిపించింది. ఒరే, తినేవాడెవడన్నా కాగితంలోంచి ఎండ చూస్తాడా? తినేవాడు అట్టు వంక చూస్తాడు. కాగితం పట్టుకుని చేతిలో అలా ఉంచుకున్నవాడు ఎండ చూస్తాడు.

మొదటి ఉత్తరం నుంచీ చూశా. గుమ్మం పక్కన కూర్చున్నా, కిటికీ దగ్గర నిలబడ్డా, బల్ల చివర కూర్చున్నా అని రాశావు. ఎక్కడా 'తిన్నా' అన్న మాట లేదు. 'తింటారు' అని ఉంది. మార్సేల్స్‌లో తింటారు, పిరేయస్‌లో తింటారు, నేపుల్స్‌లో తాగుతారు. అంతా వాళ్లే.

నువ్వు ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేదు. అవునా, కాదా? హరామని మానేశానని మాత్రం చెప్పకు. చేపకి ఎవరి కత్తి అయినా ఒకటే. శనగపిండికి అసలు కత్తే అక్కర్లేదు.

మీ అమ్మ మీద, పీర్‌బీ పెద్దమ్మ మీద ఒట్టేసి రాయి.

నాగూర్

*

అలెగ్జాండ్రియా,
11 జూన్ 1976

నాగూరూ,

ఒట్టు అడిగావు. ఆ ఒట్టే అసలు కారణం.

మా నాన్న ఎలా పోయాడో నీకు తెలుసు గానీ సగమే తెలుసు. పత్తి లారీకి క్లీనరుగా వెళ్లినవాడు, దారిలో ఎక్కడో తిని, వాంతులతో తిరిగొచ్చి, రెండో రోజు పోయాడు. అమ్మ ఆ డ్రైవరు కాళ్లు పట్టుకుని అడిగింది, "ఎక్కడ తిన్నాడయ్యా? ఎవరు వండారు?" అని. "ఏమోనమ్మా, చీకట్లో ఏదో ఊరు" అన్నాడాయన. అమ్మకి అంతే దొరికింది. తిట్టుకోవడానికి ఒక పేరు కూడా దొరకలేదు. అప్పటి నుంచి, పదకొండేళ్లుగా, అమ్మ బయట మంచినీళ్లు కూడా తాగలేదు. నువ్వు పన్జేసిన హోటల్లో ఒక్క టీ అయినా తాగిందా? గుర్తు తెచ్చుకో.

నేను బయల్దేరిన రోజు నువ్వు పెట్టె బస్సు మీద కడుతున్నావు. అమ్మ నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది. "చెయ్యి తెలియని ముద్ద తినను అని చెప్పు" అంది. చెప్పా. బస్సు కదిలింది.

ఓడలో నాకు ఇబ్బంది లేదు. వండేది నేనూ సుందరరాజుగారూ. ఒడ్డు మీదే ఇబ్బంది. పద్నాలుగు నెలలుగా, రేవు వచ్చినప్పుడల్లా, సెలవు దొరగ్గానే పరుగెత్తుకుంటూ దిగుతా. వాసన పట్టుకుని నడుస్తా. కూర్చోనివ్వాలి కదా అని ఒక పళ్లెం తెప్పించుకుంటా. ఆవిరి మొహానికి కొట్టించుకుంటా. అది నాకు తిన్నట్టే అవుతుందిరా, నిజం. చుట్టూ గాజుల చప్పుడు, అర్థం కాని మాటలు, పడవల గంటలు. ఆవిరి ఆగిపోయేదాకా కూర్చుని, పళ్లెం పక్కవాడి వైపు జరిపేస్తా. బయటికొచ్చి నీకు ఉత్తరం రాస్తా. రాస్తుంటే కడుపు నిండుతుంది. నేపుల్స్ కాఫీ గిన్నె నా అరచేతిలోనే చల్లారింది. ఆ వెచ్చదనం ఇప్పటికీ ఉంది.

నీ పని పోయిందని తెలిసినప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసింది.

నిన్న ఇంకోటి జరిగింది. పొద్దున్న సముద్రం పక్క రోడ్డు మీద ఒక బండి. సన్నమెడ ఉన్న రాగి బిందెలో చిక్కుడు గింజలు రాత్రంతా ఉడుకుతాయంట. పొడుగు గరిటెతో తీసి, మెదిపి, నూనె పోసి, నిమ్మకాయ పిండి, రొట్టెతో ఇస్తారు. సముద్రం అప్పుడే నిద్రలేచినట్టు తెల్లగా ఉంది. నేను మూడు రోజులు వరసగా వెళ్లి, గిన్నె తీసుకుని, పక్కవాడికి ఇచ్చేస్తున్నా. నిన్న ఆ బండి ముసలాయన నా ముందుకొచ్చి, గరిటె పక్కన పెట్టి, రెండు చేతులూ చాచాడు. బోర్లించాడు, వెల్లకిలా తిప్పాడు. గోళ్లు చూపించాడు. తన చేతులు మురికివని నేను తినట్లేదనుకున్నాడు. నాకు ఆయన భాష రాదు. తల దించుకుని వచ్చేశా. వెనక్కి చూస్తే ఆయన ఇంకా చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఇది అమ్మకి చదవొద్దు. షెడ్డు సంగతి నాకు ఇప్పుడు తోచట్లేదు. తినకుండా తిరిగినవాణ్ని, హోటలు పెట్టడానికి నాకేం తెలుసురా? ఇక్కడి నుంచి నేపుల్స్ వెళ్తున్నాం. అక్కడ జులై ఆఖరు దాకా ఓడకి రిపేర్లు.

మదార్

*

తిరువూరు,
4 జులై 1976

చదివా. చదవొద్దన్నావు, చదివా. పెద్దమ్మకి మొత్తం వినిపించా. తిట్టుకుంటావో, కొడతావో, వచ్చి కొట్టు.

ఆవిడ వసారాలో పరుపు కుడుతోంది. ఒళ్లో దూది. నేను ముసలాయన చేతుల దాకా వచ్చేసరికి సూది ఆగింది.

"ఎన్నాళ్లనించి?" అంది.

"పద్నాలుగు నెలలు."

"ఓడలో తింటన్నాడా?"

"వాడు వండిందే వాడు తింటన్నాడంట."

"ఒడ్డు మీద?"

"వాసన తింటన్నాడు."

గాలికి దూది కొంచెం లేచి ఆవిడ జుట్టు మీద వాలింది. తీసుకోలేదు. తర్వాత సూది పరుపుకి గుచ్చి, చెప్పులేసుకుని, బజారు వైపు నడిచింది. నేను వెనకాల. "ఎక్కడికి పెద్దమ్మా?" అంటే ఆగదు.

తిన్నగా హనుమయ్యగారి హోటలుకి వెళ్లింది. నేను మూడు నెలలుగా ఆ గడప తొక్కలేదు. నా జాగాలో కొత్తవాడు టీ కాస్తున్నాడు. వాణ్ని రోజూ బస్టాండులోంచి కళ్లతో కొడుతుంటా. పెద్దమ్మ వాడి పొయ్యి ముందు నిలబడింది.

"నీ పేరేంటయ్యా?"

"శౌరయ్యండి."

"ఏ ఊరు?"

"గంపలగూడెం పక్కనండి."

"అమ్మ ఉందా?"

"ఉందండి. మోకాళ్ల నొప్పులు. లేవలేదు."

"ఏదీ, చెయ్యి చూపించు."

వాడు భయపడి, గ్లాసు దించి, చెయ్యి ముందుకు పెట్టాడు. గల్లాపెట్టె దగ్గర్నుంచి హనుమయ్యగారు, "ఏంటి పీర్‌బీ, సోది చెబుతున్నావా?" అన్నాడు.

"నువ్వుండవయ్యా. నీ చెయ్యి ఇరవయ్యేళ్లుగా చూస్తన్నా, ఆ పెట్టెలోంచి బయటికి రాదు" అంది. హోటలంతా గొల్లుమంది.

శౌరయ్య చెయ్యి పట్టుకుని చూసింది. వేళ్ల మీద కాలిన మచ్చలు. నాకున్నవే, అదే వేళ్ల మీద. అంతవరకు వాడికి అవి ఉంటాయని నాకు తోచలేదు. మచ్చల మీద బొటనవేలితో నిమిరి, "ఒక టీ పోయ్" అంది.

గ్లాసు పెదాల దాకా తీసుకెళ్లి ఆగింది. ఆవిరి మొహం మీదికి వస్తోంది. కళ్లు మూసుకుంది. నువ్వు కూర్చునేది ఇలాగే అనిపించింది నాకు. అక్కడ మార్సేల్స్‌లో, జెనోవాలో. గంపలగూడెం బస్సు వచ్చి హారను కొట్టింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. ఆవిడ అలాగే ఉంది. తాగింది. పదకొండేళ్ల తర్వాత. గ్లాసు ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, "చక్కెర ఎక్కువేశావు శౌరయ్యా. రేపు తగ్గించు" అంది.

దారిలో నన్ను కూర్చోబెట్టి చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా:

"నాయనా మదారూ, మీ నాన తిన్న ముద్ద ఎవరు వండారో నేనడిగితే చెప్పేవాళ్లు లేకపోయారు. ఆ పేరు దొరక్క లోకంలో చేతులన్నిటికీ భయపడ్డా. చెయ్యి తెలియని ముద్ద తినొద్దన్నా గానీ, చెయ్యి తెలుసుకోవద్దని అన్లేదు నాయనా. నాకే తోచలేదు అది, నీకెలా తోచుద్ది? ఆ ముసలాయన్ని నిలబెట్టొచ్చావు చూడు, అది తప్పు. పేరడుగు. అమ్మ ఉందో లేదో అడుగు. అడిగి తిను. నా నెత్తిన పెట్టిన చెయ్యి నేనే తీసేశా."

అంతవరకు ఆవిడ మాట. ఇక నాది.

హోటలు పెట్టడానికి 'నాకేం తెలుసు' అన్నావు. ఒరే, తినేవాళ్లని నీ అంత చూసినవాడు ఎవడున్నాడు? ఆకలిగా ఉన్నవాడు గిన్నె ఎలా పట్టుకుంటాడో, కాఫీ తాగేవాడు ఎటు చూస్తాడో, ముసలాళ్లు గ్లాసులో మబ్బు వంక ఎంతసేపు చూస్తారో నువ్వు రాస్తేగా నాకు తెలిసింది. నాకు పొయ్యి తప్ప ఏదీ కనిపించదు. ఏడుకొండలుగారు ఊరికే అన్లేదు. నేను వండుతా. నువ్వు గుమ్మం పక్కన కూర్చో. వచ్చినవాడికి నా పేరు చెప్పు, నా చెయ్యి చూపించు.

ఈ ఉత్తరం నేపుల్స్ ఏజెంటు చిరునామాకి పంపుతున్నా. అందగానే ఓడ దిగు. ఏ హోటలుకైనా వెళ్లు, కానీ గుమ్మం దగ్గర ఆగకు. లోపలికి, పొయ్యి దాకా వెళ్లు. భాష రాకపోతే నీ గుండె మీద చెయ్యి పెట్టుకుని 'మదార్' అను, వాడి గుండె వైపు వేలు చూపించు. పేరు చెప్పనివాడు ఏ దేశంలోనూ ఉండడు. వాడి చెయ్యి పట్టుకో. కాలిన మచ్చలుంటాయి, చూడు. ఆ తర్వాత కూర్చుని వేడి మీద తిను. ఆవిరి ఆగేదాకా ఉన్నావో, తంతా.

తిన్నాక రంగులొద్దు, ఎండలొద్దు. ఒక్క కాగితం మీద నాలుగు సంగతులు రాయి. ఉప్పు ఎంత. పులుపు దేనిది. వండినవాళ్ల పేరేంటి. షెడ్డుకి నువ్వొస్తావా, రావా.

ఆగస్టు పదో తారీకులోగా ఆ ఉత్తరం నా చేతిలో ఉండాలి. పదకొండో తారీకున నేనే వెళ్లి, షెడ్డు సైకిలు షాపుకి ఇచ్చేసుకోమని ఏడుకొండలుగారికి చెప్పేస్తా.

నాగూర్